పాత మోటారుబండి: మెత్తని వస్తువుల సంగతి



ఈ శీర్షికలో మేము కుట్టుయంత్రమును గూర్చియు, గోడగడియారమును గూర్చియు, తిరుగలికి గంట్లు పెట్టించుటను గూర్చియు వ్రాసినప్పుడు ఎవరును ఆక్షేపింపలేదు. ఈ మాసము మోటారుబండిని గూర్చి వ్రాయబోవుచున్నామని విన్నతోడనే పొరుగింటి పెద్దమ్మగారు, "ఎక్కడమూ దిగడమూ చాలదటమ్మా మనకి?" అని నవ్విరి. ఎక్కిన బండి క్షేమముగా దిగనిచ్చునప్పుడు చాలును. కైకేయి కథ మన మెఱుగనిదా? యుద్ధమధ్యమున దశరథుని రథమునకు కడసీల యూడిపోగా తన వ్రేలినే సీలగా నుంచి భర్తను కాచెనని పెద్దలు చెప్పుదురు. ఆ యుపకారమునకు ఆమె పుచ్చుకొన్న వరముల మాట వేఱు. రథపు మరమ్మతు ఆడుదానికి తగని పని యని మాత్ర మెవరు ననలేదు.

మా యింటనున్నది 1986 నాటి ప్రీమియర్ పద్మిని. మా మామగారు కొనినది. బొంబాయిలోని కుర్లా కర్మాగారమునుండి 1964 లో ఫియట్ 1100 డిలైట్ అను పేరుతో వెలువడిన బండియే 1974 లో పద్మిని యైనది. మూలము ఇటలీ దేశపుది. నాలుగు సిలిండర్లు, 1089 ఘన సెంటీమీటర్ల యింజను, స్టీరింగు చక్రము ప్రక్కనే గేరుకఱ్ఱ. 2000 సంవత్సర ప్రాంతమున దీని తయారీ నిలిచిపోయినది. ముంబయి నగరపు నలుపు పసుపు టాక్సీలలో కడపటి పద్మిని 2023 అక్టోబరు మాసముతో వీథులనుండి తప్పుకొన్నది. పద్మిని యనగా తామరకొలను. తామరకు నీరు ప్రాణము, మా పద్మినికి నీరు తగిలిన తుప్పు. ఇందులో పేరు పెట్టినవారి దోషము లేదు. వారు తలచుకొన్నది చిత్తోడుకోట రాణిని గాని సరస్సును గాదు.

బడిపంతులు జీతముతో క్రొత్తబండి కొనుట సులభము గాదు. అదిగాక మామగారి చేతి చెమట పట్టిన స్టీరింగు చక్రమును తుక్కువానికి తూచి యిచ్చుటకు మా మనసొప్పలేదు. కనుక ఇంజను చమురు మార్చుట, స్పార్కుప్లగ్గులు తుడుచుట, బ్యాటరీ కొనలకు పట్టిన తెల్లని బూజును వేడినీళ్ళతోను వంటసోడాతోను కడుగుట మొదలగు పనులను ఆదివారములందు మా వారును మేమును ఇంటియొద్దనే చేసికొందుము.

బండి పాతబడినకొలది అందఱి చూపును ఇనుముమీదనే యుండును. ఇంజను రొద చేసిన విందుము. రంగు పెచ్చు లేచిన చూతుము. ఇనుము చెడునపుడు చప్పుడైనను చేయును, ఎఱ్ఱని మరకయైనను చూపును. రబ్బరు అట్లు గాదు. పైకి నల్లగానే యుండి లోలోపల బిఱుసెక్కియో మెత్తబడియో యొకనాడు ఉన్నట్లుండి తెగును. పద్మినిలో రబ్బరు లేని చోటు తక్కువ: టైర్లు, తలుపుల అంచులు, నీటి గొట్టములు, పెట్రోలు గొట్టము, పెట్రోలుపంపులోని పొర, ఇంజను క్రింది దిమ్మలు, ఫ్యాను బెల్టు, బ్రేకులలోపలి చిన్నచిన్న గిన్నెలు. అమెరికా దేశీయుడగు చార్లెస్ గుడ్ఇయర్ 1839 లో చెట్టుపాల రబ్బరును గంధకముతో కలిపి వేడిచేసి గట్టిపఱచుట కనిపెట్టిన పిదపనే అది యిన్ని పనులకు వచ్చినది. అంతమాత్రమున అది చిరంజీవి కాలేదు. ఎండ, వేడి, గాలి, నూనె, ఒక్కొక్కటి దాని నొక్కొక్క విధముగా తినును. పైగా రబ్బరులలో జాతులు గలవు. ఒకదానికి హితమైన ద్రవము మఱియొకదానికి విషము. ఈ కడపటి సంగతిని మేము పుస్తకములో చదివి నేర్చుకొనలేదు.

2018 వర్షాకాలమున వెనుక చక్రమొకటి బ్రేకు వేసినప్పుడెల్ల కీచుమనుచుండెను. మా వారికి పరీక్షాపత్రములు దిద్దు తొందర. చక్రము విప్పి డ్రమ్ము తీయువఱకు సాయముచేసి వారు బడికి పోయిరి; తక్కిన పనిని మేము పైబెట్టుకొంటిమి. లోపలి సిలిండరునుండి తీసిన రబ్బరు గిన్నెలు రెండును నల్లని జిగట బురదతో నుండెను. కుట్టుయంత్రమునకు జిడ్డు పట్టినచో ఏమి చేయుదుము? భాగము లూడదీసి కిరసనాయిలులో నుంచి, గుడ్డతో తుడిచి, చమురుచుక్క వేసి బిగింతుము. ఈ శీర్షికలోనే ఆ విధానమును మీకు చెప్పియుంటిమి. ఆ ధైర్యముతోనే బ్రేకు గిన్నెలను గూడ ఒక గంటసేపు కిరసనాయిలులో నుంచితిమి. తీసి చూడగా నిగనిగలాడుచు క్రొత్తవానివలె నుండెను. మఱల బిగించునప్పుడు అవి కొంచెము బిగువుగా దిగినవి. బిగువు మంచిదే గదా యనుకొంటిమి! సాయంకాలము మా వారు బండిని నడిపి చూచి మెచ్చుకొనిరి. కీచుమనుట పోయినది. ఆ చక్రము అప్పుడప్పుడు తక్కినవానికంటె వేడెక్కుచుండుటను మాత్రము గమనించియు ఉపేక్షించితిమి.

2019 మాఘమాసమున అంతర్వేది కల్యాణోత్సవపు రద్దీ తగ్గిన పిదప లక్ష్మీనరసింహస్వామి దర్శనమునకు బయలుదేఱితిమి. వెనుక సీటులో అత్తగారు, పిల్లలిద్దఱు. నరసాపురమువద్ద వశిష్ఠ గోదావరిని దాటి సఖినేటిపల్లి చేరుటకు బండిని పంటుపై నెక్కింపవలయును. ఆ రేవు చూచినవారికి తెలియును. గట్టుమీదనుండి బండి నీటివైపు వాలుగా దిగి, పలకలమీదుగా పంటుపైకి పోవలెను. పంటు కవతల నది.

సగము వాలు దిగిన పిమ్మట మా వారు బ్రేకు త్రొక్కిరి. పెడల్ మెత్తగా, పిసికిన పిండిలో కాలుపెట్టినట్లు, అడుగువఱకు దిగిపోయెను. మఱల త్రొక్కిరి. ఏమియు లేదు. ఎదుట పంటుమీద మోటారుసైకిళ్ళు, వాని నడుమ చేపల గంపలతో నలుగురైదుగురు స్త్రీలు నిలుచుండిరి. మా వారు చేతిబ్రేకు నొక్కపట్టున లాగి గేరును మొదటిదానికి దించిరి. బండి యొకప్రక్కకు జాఱి, పలకలకు ఇంచుమించు రెండు బారల దూరమున నిలిచెను. రేవులోనివారు పరుగున వచ్చి చక్రములక్రింద రాళ్ళు పెట్టిరి. పిల్లలకు జరిగినదేమో తెలియలేదు. పంటు ఎప్పుడు కదలునని అడుగుచుండిరి. అత్తగారికి తెలిసినది. ఆమె స్వామి నామము జపించుచు చాలసేపు కన్నులు తెఱవలేదు.

బండిని త్రాడు కట్టి ఊరిలోనికి లాగించితిమి. ఒక వృద్ధ మేస్త్రీ డ్రమ్ము విప్పగా లోపలివైపంతయు తడిసియుండెను. ఆయన మేము కడిగిన గిన్నెను వెలికిదీసి, రెండు వ్రేళ్ళనడుమ నలిపి చూచి, తన డబ్బాలోని క్రొత్త గిన్నెను దాని ప్రక్కన పెట్టెను. మాది క్రొత్తదానికంటె పెద్దదై, అంచు మెత్తబడి యొకచోట చీలియుండెను. "దీన్ని కిరసనాయిల్లో గాని ముంచారాండి?" అని మా వారి నడిగెను. మా వారు మా వంక చూడకయే, "ఆఁ, ఎప్పుడో ముంచామండి" అనిరి. ఆ బహువచనమునకు మేము నేటికిని వారికి ఋణపడియున్నాము.

బ్రేకు పనిచేయు విధము చిమ్మనగ్రోవి నెఱిగినవారికి సులభముగా బోధపడును. చిమ్మనగ్రోవి పుల్లకు గుడ్డ చుట్టనిచో నీరు ముందుకు పోక వెనుకకు కాఱును గదా. పెడల్ త్రొక్కినప్పుడు పెద్ద సిలిండరులోని ద్రవము సన్నని ఇనుపగొట్టములగుండ నాలుగు చక్రములకును పోయి, అచ్చటి చిన్న సిలిండర్లలోని పిస్టన్లను త్రోయును. అవి బ్రేకు షూలను డ్రమ్ముకు అదుమును. పుల్లకు చుట్టిన గుడ్డవంటిదే యీ రబ్బరు గిన్నె. కిరసనాయిలు, పెట్రోలు, ఇంజను చమురు మూడును భూమినుండి తీసిన నూనెల జాతివి. బ్రేకు గిన్నెల రబ్బరు వానిని పీల్చుకొని ఉబ్బును, పిదప బలము గోల్పోవును. మా బండిలో నాలుగు చక్రములకును ఒకే ద్రవమార్గ మగుటచే ఒక్క గిన్నె చీలినను నాలుగు బ్రేకులును పోయినవి. చేతిబ్రేకునకు ద్రవముతో నిమిత్తము లేదు గనుక ఆనాడు మేము నీటిలోనికి పోలేదు.

ఆ గిన్నెలను కడుగవలసి వచ్చినచో బ్రేకుద్రవముతోనే కడుగవలెను. మోటారులు వచ్చిన తొలినాళ్ళలో ఆ ద్రవమును ఆముదముతోను మద్యసారముతోను చేసెడివారట! ఆముదము చెట్టుపాల రబ్బరునకు కీడు చేయదు. అట్లని ఇంటిలోని ఆముదమును నేటి బ్రేకులలో పోయరాదు; నేటి ద్రవము జాతియే వేఱు. ఈ నేటి ద్రవమునకు ఒక దుర్గుణము గలదు. మూతలేని ఉప్పుజాడీవలె గాలిలోని చెమ్మను పీల్చుకొనును. డాట్ 3 అని గుర్తుగల ద్రవము క్రొత్తగా నున్నపుడు 205 డిగ్రీల సెంటీగ్రేడు వఱకైనను మరుగకుండవలెనని నియమము. చెమ్మ పట్టిన పిదప ఆ హద్దు 140 డిగ్రీలకు దిగును. మరిగిన ద్రవములో బుడగలు పుట్టును, బుడగలున్న బ్రేకు పట్టదు. చెమ్మ సిలిండరు లోపలిగోడను తుప్పుపట్టించును గూడ. ఏడాదిలో సగము నాళ్ళు అప్పడములు మెత్తబడు మన గోదావరి సీమలో రెండేండ్ల కొకసారి ఈ ద్రవమును మార్పింపక తప్పదు. మూత తీసిపెట్టిన పాతడబ్బాలోని ద్రవము ఎంత మిగిలినను వాడరాదు. రంగుమీద ఒలికినచో వెంటనే నీళ్ళతో కడుగవలెను. లేనిచో రంగు ఊడును.

ఇప్పుడు మేము బ్రేకులు విప్పము. చూచుటమాత్రము మానలేదు. ఆదివారము ఉదయమున ద్రవపు గిన్నెలోని మట్టము చూతుము. నాలుగు చక్రముల లోపలివైపు తడి యున్నదేమో చేతితో తడిమి చూతుము. పెడల్‌ను గట్టిగా త్రొక్కి ఒక నిమిషము అట్లే పట్టియుంచిన అది క్రిందికి దిగరాదు. మెల్లగా దిగుచున్నచో ఆనాడు బండి కదలరాదు. మేస్త్రీ డ్రమ్ము విప్పినప్పుడు పిల్లలను దగ్గఱ నుండనీయకుడు. పాత బ్రేకు పట్టీలలో ఆస్బెస్టాసు అను రాతినార కలిసియుండును. దాని ధూళి ఊపిరితిత్తులలో చేరి ఎన్నో యేండ్లకు ప్రాణాంతకమగు వ్యాధి తెచ్చును. ఆ ధూళిని నోటితో ఊదరాదు, చీపురుతో దులుపరాదు. తడిగుడ్డతో ఒత్తి తీసి, ఆ గుడ్డను సంచిలో మూటగట్టి పాఱవేయవలెను.

ఇక పెట్రోలు. 2025 నాటికి మన దేశపు పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ళు ఇథనాలు కలియుచున్నది. చెఱకుమడ్డి, నూకలు, మొక్కజొన్నలనుండి దానిని తీయుదురు. చెఱకు, వరి పండించు మన సీమవారము దానిని తూలనాడజాలము గాని 1986 నాటి రబ్బరునకు దానితో పరిచయము లేదు. ఒక తెల్లవాఱుజామున ముగ్గు వేయుచుండగా వసారాలో పెట్రోలు వాసన కొట్టెను. వంటగది కిటికీ అచ్చటికి నాలుగడుగుల దూరము. పొయ్యి వెలిగింపక, తులసికోటలో దీపమైనను పెట్టక, ముందుగా బండి మూత యెత్తి చూచితిమి. పంపునకు పోవు గొట్టమును ముట్టుకొనగా వ్రేళ్ళకు కాటుక యంటినట్లు నల్లని జిగురంటెను. అది పెట్రోలుకొఱకు చేసిన గొట్టమే, ఇథనాలుకొఱకు చేసినది గాదు. ఇథనాలునకు తాళునట్టి గొట్టములు నేడు దుకాణములలో దొరకుచున్నవి. అడిగి, గొట్టముపై వ్రాత చూచి, బిగించు పట్టీలతోసహా అన్నియు నొకేసారి మార్చితిమి.

పంపులోని పొర సంగతి యింకను రహస్యమైనది. వైశాఖమాసపు ఎండలో పెట్రోలు ఆవిరియై బండి ఆగిపోయినప్పుడు పంపుమీద తడిగుడ్డ కప్పుట పద్మిని గల యిండ్లవా రెఱిగినదే. మా అత్తగారు దానిని బండికి పట్టు వేయుట యనెడివారు. కాని గుడ్డ ఎన్నిమాఱులు కప్పినను బండి మొరాయించుచున్నచో ఎండను నిందింపక పొరను అనుమానింపవలెను. పొర చిరిగినచో పెట్రోలు బయటికి రాకయే ఇంజను చమురులోనికి దిగవచ్చును. చమురు కొలకఱ్ఱను తీసి చూడుడు. పోయకుండగనే మట్టము పెరిగి, పెట్రోలు వాసన వచ్చుచున్నచో చమురు పలుచనై ఇంజను అరుగుచున్నదన్నమాట. ఇంటివారు బండిని నడిపినను ఈ వాసన మొదట పట్టునది మన ముక్కే. ఇథనాలు కూడ చెమ్మను పీల్చునదే గనుక వానకాలమున టాంకును సగము ఖాళీగా నుంచి నెలలతరబడి బండిని నిలుపరాదు. కోతల దినములలో త్రోవపై పఱచిన వరిగడ్డిమీదుగా పోవలసివచ్చినచో, గడ్డి దాటినవెంటనే ఆగి క్రిందికి వంగి చూడుడు. తిరుగు కడ్డీకి చుట్టుకొన్న గడ్డి వేడి పొగగొట్టమునకు తగిలిన అంటుకొనును.

నీటి గొట్టములను చల్లగా నున్నపుడు నొక్కి చూడవలెను. అప్పడపు పిండివలె మెత్తగా నుండరాదు, ఎండిన మునగకాయవలె గట్టిగాను ఉండరాదు. రాజోలు, అమలాపురము ప్రాంతములలో సముద్రమునకు దగ్గఱగానున్న ఊళ్ళ బావినీరు ఉప్పన. దానిని రేడియేటరులో పోసినచో రాగి యిత్తడులను తినును, గొట్టపు కొనలయందు పొక్కులు కట్టును. మరల బట్టీపట్టిన బ్యాటరీనీరును, శీతలద్రవమును కలిపి పోయుట మేలు. ఇంజను వేడిగా నున్నపుడు రేడియేటరు మూత త్రిప్పి ముఖము కాల్చుకొన్నవారిని మేమెఱుగుదుము.

తలుపుల అంచు రబ్బరు పగిలినచో వాననీరు లోనికి దిగి, కాళ్ళక్రింది కొబ్బరిపీచు చాపలో నిలుచును. పై చాప ఆఱును, అడుగున చెమ్మ ఆఱదు. పద్మినికి ఎడ్లబండికివలె వేఱే చట్రము లేదు. ఆ నేల రేకు, గడపలు, పైకప్పు కలిసియే బండికి బలము. నేల తుప్పుపట్టిన బండి పైకి ఎంత మెఱసినను అబలయే. నెల కొకసారి చాపలెత్తి ఎండబెట్టుడు. తలుపుల అడుగున నీరు పోవుటకు సన్నని రంధ్రములు గలవు, బురదతో పూడిపోవును, కొబ్బరి యీనెతో పొడిచి తెఱవవచ్చును. తుప్పు కనబడినచో తెల్లని రేకు తేలువఱకు గీకి, రెడ్ఆక్సైడు పూసి, అది ఆఱిన పిదపనే రంగు వేయవలెను. అంచు రబ్బరు నిగనిగలాడవలెనని కొబ్బరినూనె రాయు నలవాటు మన కోనసీమ యిండ్లలో గలదు. మేమును రాసితిమి. నెలలలో అది జిగురై తలుపున కంటుకొనెను. గ్లిసరిను పూసినచో రబ్బరు మెత్తగా నిలుచును.

తక్కువగా తిరుగు బండి టైర్లకు గాళ్ళు అరుగవు. కనుక క్రొత్తవే యని భ్రమింతుము. టైరు ప్రక్కగోడమీద నాలుగంకెలు చూడుడు. 2319 అని యున్నచో అది 2019 వ సంవత్సరపు ఇరువదిమూడవ వారమున చేసినదని యర్థము. పదేండ్లు దాటిన టైరును, గాళ్ళెంత లోతుగా నున్నను, మేము వాడము. మావారు మొదట దీనిని దుబారా యనిరి. ప్రక్కగోడను వంచి అందలి సన్నని బీటలు చూపితిమి.

పొలము దగ్గఱి యిండ్లవారికి ఎలుకబాధ చెప్పనక్కఱలేదు. తీగెలపై మెత్తని తొడుగును కొఱికి రాగిని మాత్రము మనకు విడిచిపెట్టును. లంకపొగాకు కాడలను గుడ్డలో కట్టి బ్యాటరీ ప్రక్కన నుంచుట డ్రైవర్ల అలవాటు. మేమును ఉంచితిమి. ఒక యెలుక ఆ మూటను ప్రక్కకు త్రోసి దానిమీదనే గూడు పెట్టినది. మా యూరి యెలుకలకు పొగాకు కొత్త గాదు గాబోలు! ఇప్పుడు రాత్రులందు బండి మూతను ఎత్తియే యుంచుచున్నాము; చీకటి లేనిచో అది యచ్చట కాపురముండదు.

పదునైదేండ్లు నిండిన బండికి అయిదేండ్ల కొకసారి రిజిస్ట్రేషను క్రొత్తచేయించుకొనవలెను గదా. క్రిందటిసారి పరీక్షకు పోవునపుడు మా వారు రంగు వేయింతమనిరి. ఆ సొమ్ముతో చక్రపు సిలిండర్ల గిన్నెలును, గొట్టములును మార్పించితిమి. పద్మినికి ఎడమవైపున మామగారి కాలమునాటి గీత నేటికిని అట్లే యున్నది.

అంతర్వేదికి ఆ పిమ్మట రెండుమాఱులు పోయివచ్చితిమి. గట్టుమీదనే బండి నాపి, మా వారు పెడల్ త్రొక్కి పట్టియుంచుదురు. మేము దిగి వెనుక చక్రముల లోపలివైపు చూచి తల యూపుదుము. అప్పుడు బండి దిగును. అత్తగారు మాత్రము రేవు కనబడగానే తలుపు తీయించుకొని, పిల్లల చేతులు పట్టుకొని, నడిచియే పంటు నెక్కుదురు.